తెలుగులో నేను రాసింది ఒడియాలో వేరొకరి పేరుతో అచ్చయింది. దీన్ని ఏమనాలి?

వంశధార_ఒడ్డు
మాది ఒడిశాలోని గుణుపురం. మా పెద్దనాన్న పోయాక నౌపడ చిన్నబండి (పాత చిన్న పట్టాల రైలు) మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఆయన ఆ బండిలో ఫైర్‌మన్‌గా చేశారు. బండి చరిత్ర కొంత ఉంది గానీ ఎక్కువ భాగం ఆయనా, ఆయనతో పనిచేసిన ఇద్దరు ముసలాళ్ళూ చెప్పిన ముచ్చట్లే. వాళ్ళ పేర్లు రెండో పేరాలోనే రాశాను.

ఈమధ్య పర్లాకిమిడిలో ఒక సంస్థ వార్షిక సంచిక వేసింది. మా పిన్ని కొడుకు ఒక కాపీ తెచ్చిచ్చాడు. తెరిస్తే అందులో నా వ్యాసం, ఒడియాలో. అదే ఎత్తుగడ, అదే వరస, అదే ముగింపు. పైన వేరే పెద్దమనిషి ఫొటో, పేరు. ముసలాళ్ళ పేర్లున్న రెండో పేరా ఒక్కటే లేదు. "పెద్దనాన్న డ్యూటీ దిగి వచ్చి చొక్కా విదిలిస్తే గడపలో బొగ్గునుసి ముగ్గు పెట్టినట్టు పడేది" అని నేను రాసుకున్న వాక్యం కూడా అలాగే ఉంది. "బొడొబాపా చొక్కా విదిలిస్తే" అని. బొడొబాపా అంటే ఒడియాలో పెద్దనాన్న. ఆ పెద్దమనిషిని ఎరిగినవాళ్ళు చెప్పేదేమిటంటే వాళ్ళ నాన్నగారు ఒక్కగానొక్క కొడుకట. మరి ఈ బొడొబాపా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో.

ఫోన్ చేస్తే చాలా ప్రేమగానే మాట్లాడారు. "అమ్మడూ, రైలు నీ సొంతమా? 1900లో రాజావారు వేయించారు, ఊరందరికీ తెలిసిందే. ఒడియాలో ప్రతి ముక్కా నేను కూర్చుని రాసిందే. నీ అక్షరం ఒక్కటుంటే చూపించు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. లిపి మారింది, భాష మారింది, మాటలన్నీ మారాయి. అలాంటప్పుడు దీన్ని గ్రంథచౌర్యం అనొచ్చా?

ఆయన పేరు, సంస్థ పేరు చెప్పను. అడగొద్దు.

తోకలేని_పిట్ట
పేరు చెప్పక్కర్లేదు, ఒక్కడే కొడుకున్న వంశాలు వెతుక్కుంటాం లే 😀

బరంపురం_అప్పడం
బొడొబాపా దగ్గర దొరికిపోయాడు. తాళం తీసినవాడు చెప్పులు వదిలేసి పోయినట్టుంది.

చీకటి_మాస్టారు
నా మాట ఎవరికీ నచ్చదని తెలుసు, అయినా చెబుతాను. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో బండి మొదలవడం, అది రెండడుగుల ఆరంగుళాల నారోగేజ్ కావడం, 2004లో ఆగిపోయి 2011లో బ్రాడ్‌గేజ్‌గా గుణుపురం చేరడం, ఇవి ఎవరి సొత్తూ కావు. ఎవరు రాసినా అవే రాయాలి. ఆ పెద్దాయన ఒడియావాళ్ళకి మన బండి కథ అందించాడు. మన ప్రాంతంలో పాటలు, కథలు, సామెతలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎప్పుడూ పోతూనే ఉన్నాయి. దీనికి ఇంత రచ్చ అవసరమా?

మహేంద్రతనయ
మాస్టారూ, 1900 అందరిదీ. చొక్కాలోంచి రాలిన బొగ్గునుసి ఎవరిది?

గుమాస్తా_గిరి
కోర్టు గుమాస్తాగా చాలాకాలం చేశాను. లాయర్‌ని కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

మాస్టారు అన్నదాంట్లో సగం చట్టం కూడా ఒప్పుకుంటుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆనంద్ గారు ఒక నాటకం రాశారు. దాని ఇతివృత్తం ఎత్తుకుని సినిమా తీశారని దావా వేశారు. ఓడిపోయారు. ఆలోచన, ఇతివృత్తం, చరిత్రలో జరిగిన సంగతులు, వీటి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఉన్నదల్లా వాటిని చెప్పిన తీరు మీద, అమర్చిన వరస మీద. రెండూ చూసినవాడికి ఇది దాని నకలే అని సందేహం లేకుండా అనిపించిందా లేదా, అదీ కోర్టు పెట్టిన పరీక్ష.

ఇక మిగతా సగం. 1957 కాపీరైట్ చట్టంలో 14వ సెక్షన్ చూడండి. రచయితకు ఉన్న హక్కుల్లో అనువాదం చేసుకునే హక్కు ఒకటి. అంటే మీ తెలుగు వ్యాసాన్ని ఒడియాలోకి తేవాలంటే మీ అనుమతి కావాలి. "మాటలన్నీ నావే" అన్నది అందుకే చెల్లదు. అనువాదంలో మాటలు ఎప్పుడూ అనువాదకుడివే ఉంటాయి. 57వ సెక్షన్ ఇంకోటుంది, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు. కాపీరైట్ మొత్తం అమ్ముకున్నా ఆ హక్కు రచయిత దగ్గరే ఉంటుంది.

వంశధార_ఒడ్డు
@గుమాస్తా_గిరి నేను ఎక్కడా రిజిస్టర్ చేయించలేదు కదా. ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టుకి కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

గుమాస్తా_గిరి
రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. ఫేస్‌బుక్ అయినా, కిరాణా చీటీ వెనక రాసినా ఒకటే. కాకపోతే మీరే ముందు రాశారని చూపించాలి. తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, షేర్ చేసినవాళ్ళ పోస్టులవి కూడా. పెద్దనాన్నగారు మాట్లాడినవి ఏమైనా రికార్డు చేశారా?

వంశధార_ఒడ్డు
ఉన్నాయండి. ఫోన్‌లో ఆడియో ఉంది. మధ్యలో దగ్గు ఎక్కువ.

రీసెర్చ్_రాణి
నేను బరంపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా దగ్గర దీనికి లెక్కలున్నాయి. యూజీసీ (యూనివర్సిటీల నిధుల సంఘం) 2018లో నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో వేరేవాళ్ళ రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఉటంకింపులు, గ్రంథసూచి, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. వరసగా పద్నాలుగు మాటల దాకా కాకతాళీయంగా కలిస్తే వదిలేస్తారు.

వంశధార గారి విషయంలో ఇవేవీ పనిచేయవు. ఒకటి, అది సంస్థ సంచిక, యూనివర్సిటీ కాదు. రెండు, సాఫ్ట్‌వేర్ అక్షరాలు పోల్చుతుంది. తెలుగు లోంచి ఒడియాలోకి పోయినదాన్ని మా దగ్గర వాడే సాఫ్ట్‌వేర్ పట్టుకోవడం నేనైతే చూడలేదు. మా సీనియర్ ఒకావిడ తెలుగు పుస్తకంలో రెండు అధ్యాయాలు ఇంగ్లిష్‌లోకి మార్చి థీసిస్‌లో పెట్టేసింది. రిపోర్టు నాలుగు శాతం వచ్చింది. స్వీట్లు కూడా పంచింది.

డీటీపీ_దాసు
@రీసెర్చ్_రాణి మీకు అసలు రహస్యం తెలీదు మేడమ్. తెలుగు నుంచి తెలుగుకి ఎత్తినా దొరకదు. మన పాత పుస్తకాలన్నీ అను ఫాంట్‌లో, పేజ్‌మేకర్‌లో కొట్టినవి. కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అదంతా పిచ్చి ఇంగ్లిష్ గుర్తులే. ఆ పీడీఎఫ్ లోంచి ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్‌లోకి తిరిగి టైప్ చేశావంటే రెండింటికీ పోలికే ఉండదు. సున్నా శాతం. నా దగ్గరికి ఈ పని మీద వచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

రీసెర్చ్_రాణి
చేసి పెడతారా!

డీటీపీ_దాసు
టైపింగ్ మాది. పేజీకి ఇంత అని తీసుకుంటాం. కింద ఎవరి పేరు వేయమంటే ఆ పేరు వేస్తాం. బీఈడీ రికార్డుల సీజన్‌లో వచ్చి చూడండి. ఒకే లెసన్ ప్లాన్, అట్టలు మాత్రం వేరు. ఒకసారి ఒక కుర్రాడు పేరు మార్చడం మర్చిపోయి వేరేవాడి రోల్ నంబరుతోనే బైండింగ్ చేయించుకుపోయాడు. సంతకం పెట్టి ఇచ్చేశారు. చదివేవాడు లేనిచోట రాసేవాడి తప్పేముంది?

చీకటి_మాస్టారు
ఇదిగో, ఇదీ అసలు రోగం. పాపం ఆ పెద్దాయన కూర్చుని అనువాదమైనా చేశాడు.

కొరాపుట్_కాఫీ
చేశాడని ఎవరు చెప్పారు? ఫోన్‌లో పెడితే అరనిమిషంలో ఒడియా వచ్చేస్తోంది. ఆ బొడొబాపా చూస్తే నాకు అదే అనుమానం. మనిషి కూర్చుని రాస్తే అక్కడ చెయ్యి ఆగేది.

జయపురం_శాస్త్రి
అందరూ చట్టాలు, శాతాలు మాట్లాడుతున్నారు. ఈ తగువు మనకి వెయ్యేళ్ళ నాటిది. సంస్కృత కవి రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఏకంగా అధ్యాయాలు రాశాడు, ఇతరుల శబ్దాన్ని హరించడం గురించి, అర్థాన్ని హరించడం గురించి. "నాస్త్యచౌరః కవిజనో నాస్త్యచౌరో వణిగ్జనః" అని శ్లోకం. దొంగ కాని కవి లేడు, దొంగ కాని వర్తకుడూ లేడు. దాచుకోవడం తెలిసినవాడు నింద లేకుండా వర్ధిల్లుతాడు అని రెండో పంక్తి.

మన తెలుగులో ముక్కు పద్యం సంగతి అందరూ విన్నదే. "నానాసూన వితాన వాసనల" అని నంది తిమ్మన గారు చెప్పారట, రామరాజభూషణుడు డబ్బిచ్చి కొనుక్కుని వసుచరిత్రలో పెట్టుకున్నాడట. చాటు కథే అనుకోండి. కానీ ఆ పద్యం ఈనాటికీ వసుచరిత్రలోనే ఉంది, తిమ్మన గారికేమో ముక్కు తిమ్మన అనే పేరు మిగిలింది.

తోకలేని_పిట్ట
తిమ్మన గారు రాసిన కావ్యం పేరే పారిజాతాపహరణం. ఆయన ఇంట్లోనే దొంగలు పడ్డారన్నమాట 😀

మహేంద్రతనయ
@జయపురం_శాస్త్రి గారూ, రాజశేఖరుణ్ణి సగమే చెప్పారు. అదే పుస్తకంలో ఆయన అపహరణలకి మెట్లు కట్టాడు. అద్దంలో నీడలాగా అర్థం మొత్తం అదే ఉండి మాటలు మాత్రం మారితే దాన్ని ప్రతిబింబకల్పం అన్నాడు, కవులు దాని జోలికి పోకూడదన్నాడు. అక్కణ్ణుంచి కొంచెం సంస్కారం చేస్తే ఒక మెట్టు, అసలు సొంత ప్రాణం పోస్తే ఇంకో మెట్టు. వంశధార గారి వ్యాసానికి జరిగింది మొదటి మెట్టే. మాటలు మార్చడం తప్ప ఏం జరిగింది? రాజశేఖరుడి దగ్గర కూడా ఆ పెద్దమనిషికి పాస్ మార్కులు రావు.

జయపురం_శాస్త్రి
చదివినవారితో వాదన సుఖంగా ఉంటుంది. ఒప్పుకున్నాను. అయితే నాకు తిమ్మన కథలో ఒక చిక్కు ఉంది. కొనుక్కున్నాడు కదా. అమ్మినవాడు ఇష్టపడే అమ్మాడు. అప్పుడది చౌర్యం ఎలా అవుతుంది?

డీటీపీ_దాసు
అదే నేనూ అడుగుతున్నది!

రాయగడ_రవి
నేను ఉపన్యాసాలు రాసిస్తాను. డబ్బు తీసుకునే. మండపం మీద మైకు పట్టుకుని చదివేవాళ్ళు చదువుతారు, చప్పట్లు వాళ్ళకి, కవరు నాకు. అందులో మోసపోయింది ఎవరు? వినేవాళ్ళకి కూడా తెలుసు, నాయకుడు తన ప్రసంగం తాను రాసుకోడని. అదే నేను ఒక విద్యార్థికి పరీక్ష వ్యాసం రాసిస్తే మాత్రం తేడా వస్తుంది. అక్కడ "ఇది ఈ అబ్బాయికి తెలుసు" అని నమ్మి మార్కులు వేస్తున్నారు. రాసిన నాకు నష్టం లేదు, కొన్న వాడికీ లేదు. దిద్దినవాడికి, పక్క బెంచీలో నిజంగా రాసుకున్నవాడికి నష్టం. అందుకే నేను విద్యార్థులకి రాయను. దాసు గారూ, కోపం వద్దు.

డీటీపీ_దాసు
కోపమేం లేదు. షాపు అద్దె మీరు కడతారా?

రీసెర్చ్_రాణి
@రాయగడ_రవి ఇది నాకు బాగా పనికొస్తుంది. అంటే కాపీరైట్ గొడవ రాసినవాడికీ ఎత్తుకున్నవాడికీ మధ్య. గ్రంథచౌర్యంలో చదివేవాడు కూడా ఉంటాడు. రాసినవాడు సరేనన్నా చదివేవాడు మోసపోతూనే ఉంటాడు.

గుమాస్తా_గిరి
సరిగ్గా చెప్పారు. రెండూ ఒకటి కాదు. మన గిడుగు వారిని తీసుకోండి, పర్లాకిమిడిలో ఆయన్ని ఎరగని ఇల్లు ఉండదు. ఆయన 1940లో పోయారు. మనదేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్. అది 2000 సంవత్సరంతో తీరిపోయింది. ఇప్పుడు ఆయన వ్యాసాలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. అలాగని ఆయన వ్యాసం తీసి కింద నా పేరు వేసుకుంటే? కాపీరైట్ కేసు నిలబడదేమో గానీ ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా?

సవర_గోడ
గిడుగు వారి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. నేను సవరవాణ్ణి, మాది పర్లాకిమిడి కొండల వైపు. ఆయన మా భాషకి చేసినది మేము మరిచిపోం. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారని ఆయన గురించి రాసిన ప్రతివారూ రాస్తారు. ఆ మనిషి పేరు ఇక్కడున్న ఎంతమందికి తెలుసు?

బరంపురం_అప్పడం
...

చీకటి_మాస్టారు
మంచి ప్రశ్న వేశావు బాబూ.

సవర_గోడ
ఇంకోటి కూడా చెప్తాను. మా ఇళ్ళలో గోడ మీద ఇడితల్ వేస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దవాళ్ళకి చెల్లించాల్సింది ఉన్నా వేయిస్తారు. ఎవరి కోసం వేస్తున్నారో వాళ్ళని పిలిచి వేస్తారు. అది అలంకారం కాదు. ఇప్పుడు అవే బొమ్మలు సంచుల మీద, కప్పుల మీద, హోటల్ గోడల మీద చూస్తున్నాను. కింద "ట్రైబల్ ఆర్ట్" అని ఉంటుంది. ఏ తెగో కూడా రాయరు. గుమాస్తా గారూ, మా తాతలు పోయి 60 ఏళ్ళు దాటింది. మాకేం హక్కు ఉంది?

గుమాస్తా_గిరి
కాపీరైట్ చట్టం ఒక రచయిత ఉంటాడని అనుకుని రాసినది బాబూ. ఊరంతా కలిసి తరతరాలుగా వేసినదాని దగ్గర అది నీళ్ళు నములుతుంది. మీకు ఉన్న దారి భౌగోళిక గుర్తింపు, జీఐ. 2024 జనవరిలో లంజియా సవర చిత్రాలకి, అంటే మీ ఇడితల్‌కి, అది వచ్చింది. డోంగ్రియా కంధ తెగవాళ్ళ కపడాగండా శాలువాకి కూడా అప్పుడే వచ్చింది. దాంతో ఆ పేరు పెట్టి వేరేవాళ్ళు నకిలీ అమ్మకుండా ఆపొచ్చు. పేరు పెట్టకుండా ఉత్త "ట్రైబల్ ఆర్ట్" అని అమ్మేవాణ్ణి ఆపడం కష్టం.

పట్టు_ప్రకాశం
జీఐ మాట ఎత్తారు కాబట్టి నేనూ దూరుతున్నా. మాది బరంపురంలో నేతపని చేసే కుటుంబం. బరంపురం పట్టుకి కూడా జీఐ ఉంది, ఫోడా కుంభ అంచుతో. అంచులో గుడి శిఖరాల వరస లాంటిది, దూరం నుంచే తెలుస్తుంది. మా నాన్న మగ్గం మీద ఆ అంచు దించడానికి పడే పాట్లు నేను చూశాను. ఇప్పుడు పవర్‌లూమ్ మీద నేసిన చీరకి అలాంటి అంచే వేసి, బరంపురం పట్టు అని చెప్పి పెళ్ళిళ్ళ సీజన్‌లో అమ్మేస్తున్నారు. మా వీధిలో మిగిలిన మగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నాకు తమాషాగా అనిపించేదేమిటంటే ఇది వంశధార గారి కేసుకి తిరగబడిన కేసు. ఆవిడ సరుకు మీద అతను తన పేరు వేసుకున్నాడు. ఇక్కడ వాళ్ళ సరుకు మీద మా పేరు వేస్తున్నారు.

గుమాస్తా_గిరి
@పట్టు_ప్రకాశం రెండో రకాన్నే ట్రేడ్‌మార్క్ చట్టంలో పాసింగ్ ఆఫ్ అంటారు. మార్కు రిజిస్టర్ కాకపోయినా ఆ దావా వేయొచ్చు. మీకు ఎలాగూ జీఐ ఉంది, ఇంకా గట్టి ఆధారం.

పట్టు_ప్రకాశం
దావా వేసేంత సేపు మగ్గం ఎవరు నేస్తారండీ.

తోకలేని_పిట్ట
ఇంతకీ ఇప్పుడు గుణుపురం బండి ఎన్నింటికి?

కొరాపుట్_కాఫీ
@తోకలేని_పిట్ట ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడుగుతారని ఎదురుచూస్తున్నా. యాప్‌లో చూసుకో గురూ.

చీకటి_మాస్టారు
నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను, కాస్త సవరించుకుంటూ. ఆ పెద్దాయన "మూలం ఫలానా" అని ఒక్క లైను వేసి ఉంటే ఈ అమ్మాయి సంతోషంగా పది మందికి చూపించుకునేది. అనుమతి అడక్కపోయినా ఈవిడ కోప్పడేది కాదు. అవునా కాదా? అంటే తగువు హక్కులది కాదు, మర్యాదది. మర్యాదకి కోర్టులెందుకు?

వంశధార_ఒడ్డు
@చీకటి_మాస్టారు అవును మాస్టారూ, నా పేరు వేసి ఉంటే నేను కోప్పడేదాన్ని కాదు. కానీ నా పేరొక్కటే పోలేదు. ఆ బండికి పాయింట్స్‌మన్‌గా (పట్టాలు మార్చే పని) చేసిన ముసలాయన ఇంకా ఉన్నారు, కాశీనగరంలో. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకి అదే మొదటిసారి. ఫేస్‌బుక్ పోస్టు ప్రింటు తీయించుకుని జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు పుస్తకంలో వచ్చిందని ఎవరో చెబితే సంబరపడి కొనుక్కుని తెచ్చుకున్నారు. ఒడియా చదవగలరు ఆయన. మొత్తం చదివి నాకు ఫోన్ చేసి "నా పేరు ఎందుకు తీసేశావమ్మా" అని అడిగారు. దీన్ని మర్యాద అని వదిలేయమంటారా?

చీకటి_మాస్టారు
లేదమ్మా. వదిలేయొద్దు.

బరంపురం_అప్పడం
ఇప్పుడు నాకు కోపం వచ్చింది. జైల్లో వేయించలేమా?

గుమాస్తా_గిరి
63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉంది. ఉందని వాడాలని లేదు. అమ్మకి కావాల్సింది అది కాదు అనుకుంటా. సివిల్ దావా అయితే 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, పర్లాకిమిడి వెళ్ళక్కర్లేదు. అది ఆఖరి మెట్టు. ముందు సంపాదకుడికి ఉత్తరం రాయండి, ఆ పెద్దమనిషికి కాదు. అచ్చు వేసిన బాధ్యత సంస్థది కూడా. ఏం కావాలో తెగేసి అడగండి. తర్వాతి సంచికలో సవరణ, మీ పేరు, ఆ ముసలాళ్ళ పేర్లు, వీలైతే తీసేసిన పేరా మొత్తం.

రాయగడ_రవి
"కృతజ్ఞతలతో" అని చిన్న అక్షరాల్లో మూల పడేస్తామంటారు, ఒప్పుకోవద్దు. వ్యాసం వేసిన సైజులోనే వేయమనండి.

రీసెర్చ్_రాణి
రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టి పేరా పేరా పోల్చి పట్టిక తయారుచేయండి. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఒడియా. బొడొబాపా వాక్యం మొదటిదిగా పెట్టండి. తేదీలు, గేజ్ కొలతలు లాంటివి పట్టికలో పెట్టొద్దు. అవి మాస్టారు అన్నట్టు అందరివీ. వాటిని కలిపితే "ఇవన్నీ తెలిసినవే కదా" అని మొత్తం కొట్టిపారేస్తారు.

సవర_గోడ
ఆ ఆడియో కూడా కాపీ తీసి ఇంకెక్కడైనా దాచండి అక్కా. ఫోన్లు పోతాయి.

వంశధార_ఒడ్డు
చాలా సాయం చేశారు అందరూ. ఒక చిక్కుంది. ఆ సంపాదకుడు తెలుగు చదవలేరట. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదువుతాను, ఉత్తరం రాసేంత రాదు. ఎవరైనా రాసిపెడతారా?

డీటీపీ_దాసు
నేను రాసిపెడతా. ఒడియా టైపింగ్ కూడా ఉంది. డబ్బులొద్దు.

తోకలేని_పిట్ట
కింద ఎవరి పేరు వేస్తావ్ దాసూ 😀

డీటీపీ_దాసు
ఆవిడ పేరే. అనువాదం దాసు అని బ్రాకెట్లో. చాలా?

గుమాస్తా_గిరి
పంపేముందు నాకు ఒకసారి చూపించండి. ఉత్తరంలో ఎక్కడా "దొంగ" అన్న మాట రాకూడదు, మీదే తప్పని పరువునష్టం పట్టుకుంటారు. "నా అనుమతి లేకుండా, నా పేరు లేకుండా ప్రచురించారు" అని రాయండి చాలు. పట్టిక, స్క్రీన్‌షాట్లు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు పారేయొద్దు.